పీల్చిన ఆక్సిజన్ నీరవుతుంది: కణ శ్వాసక్రియలో ఎలక్ట్రాన్ల లెక్క

మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి ఏమవుతుందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి వస్తుందని. ఆ జవాబు తప్పు. పీల్చిన ఆక్సిజన్ కణాల్లో నీరుగా మారుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ తిన్న ఆహారంలోది. ఆ ఆహారం గ్లూకోజైతే దానిలోని ఆక్సిజన్‌లో సగం ఆహారంలోదే, మిగతా సగం కణంలోని నీటిది. ఈ ఒక్క సంగతి సరిగ్గా పట్టుబడితే కణ శ్వాసక్రియ మొత్తం విడిపోయిన చిక్కుముడిలా కనబడుతుంది. పట్టుబడకపోతే గ్లైకాలిసిస్, క్రెబ్స్ వలయం, ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ అనేవి పరీక్ష కోసం బట్టీ పట్టిన మూడు పేర్లుగానే మిగిలిపోతాయి.

ఈ తికమకకు కారణం పాఠాల్లో రాసే సమీకరణమే. ఒక గ్లూకోజు అణువు, ఆరు ఆక్సిజన్ అణువులు కలిసి ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువులు, ఆరు నీటి అణువులు ఇస్తాయని అందులో ఉంటుంది. లెక్క సరిపోతుంది గానీ లోపల జరిగే పని అందులో కనబడదు. అసలు పని కనబడాలంటే ఎడమవైపు ఇంకో ఆరు నీటి అణువులు చేర్చి, కుడివైపు ఆరుకు బదులు పన్నెండు నీటి అణువులు రాయాలి. అప్పుడు సంగతి తేలుతుంది. గ్లూకోజులోని 6 ఆక్సిజన్ పరమాణువులు, నీటిలోని 6 ఆక్సిజన్ పరమాణువులు 6 కార్బన్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతాయి. గ్లూకోజులోని 12 హైడ్రోజన్లు, నీటిలోని 12 హైడ్రోజన్లు మిగులుతాయి. మొత్తం 24. ఒక్కో హైడ్రోజన్ అంటే ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఈ 24 ఎలక్ట్రాన్లను 6 ఆక్సిజన్ అణువులు తలా నాలుగు చొప్పున అందుకుని, ప్రోటాన్లను కలుపుకుని నీరవుతాయి.

కణ శ్వాసక్రియ అంటే ఇదే: 24 ఎలక్ట్రాన్లను ఆహారం దగ్గర తీసుకుని ఆక్సిజన్ దాకా చేర్చడం, ఆ దారిలో వాటి శక్తిని పట్టుకోవడం. ఊపిరి పీల్చి వదలడం దీనికి కావలసిన సరుకు తెచ్చి, చెత్త తీసుకెళ్లే ఏర్పాటు మాత్రమే. ఊపిరితిత్తులు లేని మొక్కలోనూ, ఈస్ట్ కణంలోనూ, మట్టిలోని ఎన్నో బ్యాక్టీరియాల్లోనూ శ్వాసక్రియ జరుగుతుంది. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని కొందరు అనుకుంటారు. వాటి కణాలు పగలూ రాత్రీ శ్వాసక్రియ జరుపుతూనే ఉంటాయి. పగటిపూట వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను ఆకులే మళ్లీ వాడేసుకుంటాయి కాబట్టి అది బయటికి తెలియదు.

ఒక్కసారిగా కాలిస్తే ఎందుకు కుదరదు

ఒక మోల్ గ్లూకోజు, అంటే 180 గ్రాములు, పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 2870 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. మంటలో వేసి కాల్చినా, కణంలో నెమ్మదిగా జరిగినా మొత్తం అంతే. తేడా ఎక్కడంటే, మంటలో అదంతా ఒక్కసారిగా వేడిగా మారిపోతుంది. వేడితో పని చేయించుకోవాలంటే ఒకచోట ఎక్కువ ఉష్ణోగ్రత, ఇంకోచోట తక్కువ ఉండాలి. ఆవిరియంత్రం నడిచేది ఆ తేడాతోనే. కణంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఉష్ణోగ్రత దాదాపు ఒక్కటే. అందుకే వేడి కణానికి ఇంధనంగా పనికిరాదు. వేడిగా మారకముందే శక్తిని రసాయన రూపంలో పట్టుకోవాలి, అదీ చిన్న చిన్న వాయిదాల్లో.

ఆ వాయిదాల రూపమే ఏటీపీ, పూర్తిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. మూడు ఫాస్ఫేట్లలో చివరిది ఊడి ఏడీపీగా మారితే, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు 30.5 కిలోజౌళ్లు, కణంలోని నిజమైన గాఢతల దగ్గర సుమారు 50 కిలోజౌళ్లు అందుతాయి. ఏటీపీలో 'అధికశక్తి బంధం' ఉందని, అది తెగినప్పుడు శక్తి బయటపడుతుందని రాస్తుంటారు. ఈ మాట తప్పుదారి పట్టిస్తుంది. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. ఏటీపీ పని చేయగలగడానికి అసలు కారణం, కణం ఏటీపీ, ఏడీపీల నిష్పత్తిని సమతాస్థితికి కోట్ల రెట్లు దూరంగా నిలబెట్టి ఉంచడం. ఆ దూరాన్ని కాపాడటమే శ్వాసక్రియ నిత్యం చేసే పని. అది ఆగితే ఏటీపీ, ఏడీపీల నిష్పత్తి సమతాస్థితి వైపు జారిపోతుంది. జారిపోయాక ఏటీపీ ఎంత మిగిలినా దానితో పని జరగదు.

ఏటీపీని శక్తి నిల్వ అనడం కూడా సరికాదు. నిల్వ అంటే కొవ్వు, గ్లైకోజన్. ఏటీపీ చేతిలో ఆడే చిల్లర లాంటిది. ఎంత వేగంగా చేతులు మారుతుందో ఒక లెక్క చూడండి. రోజుకు 2000 కిలోకేలరీలు, అంటే సుమారు 8370 కిలోజౌళ్లు ఖర్చు చేసే మనిషిని తీసుకుందాం. అదంతా గ్లూకోజు నుంచే వచ్చిందనుకుంటే 2.9 మోల్‌ల గ్లూకోజు కావాలి. మోల్ గ్లూకోజుకు 30 మోల్‌ల ఏటీపీ చొప్పున 87 మోల్‌లు. ఏటీపీ అణుభారం 507 కాబట్టి సుమారు 44 కిలోలు! ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ మాత్రం గ్రాముల లెక్కలోనే ఉంటుంది. అంటే ఒక్కో అణువు రోజుకు కొన్ని వందల సార్లు విరిగి, మళ్లీ తయారవుతుంది. గట్టిగా పనిచేస్తున్న కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి చాలదు. కండరంలో ఫాస్ఫేట్‌ను దాచి ఉంచే క్రియేటిన్ ఫాస్ఫేట్ ఇంకో పది సెకన్లు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత ఇంధనం నుంచి కొత్తగా తయారుచేయక తప్పదు.

గ్లైకాలిసిస్: ముందు పెట్టుబడి

మొదటి దశ కణద్రవ్యంలో జరుగుతుంది. పది మెట్లు, పది ఎంజైములు, ఆక్సిజన్ అవసరం లేదు. ఆరు కార్బన్ల గ్లూకోజు మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్లుగా చీలుతుంది.

ఇందులో గమనించాల్సింది, శక్తి రావడానికి ముందు శక్తి ఖర్చు పెట్టాల్సి రావడం. మొదటి మెట్టులో హెక్సోకైనేజ్ ఒక ఏటీపీ ఖర్చుపెట్టి గ్లూకోజుకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆవేశం ఉన్న ఫాస్ఫేట్ అంటుకున్న గ్లూకోజు ఇక కణత్వచం దాటి వెనక్కి పోలేదు. మూడో మెట్టులో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ రెండో ఏటీపీ ఖర్చుపెడుతుంది. ఈ ఎంజైమే మొత్తం దారికి కుళాయి. కణంలో ఏటీపీ, క్రెబ్స్ వలయంలో తయారయ్యే సిట్రేట్ పుష్కలంగా ఉంటే ఇది మందగిస్తుంది. ఒక్క ఫాస్ఫేటే మిగిలిన ఏఎంపీ పెరిగితే, అంటే ఏటీపీ ఖర్చైపోతుంటే, వేగం పుంజుకుంటుంది. తర్వాతి మెట్లలో నాలుగు ఏటీపీలు తిరిగి వస్తాయి కాబట్టి నికర లాభం రెండు. వాటితోపాటు ఆరో మెట్టులో నాలుగు ఎలక్ట్రాన్లు రెండు ఎన్‌ఏడీ అణువుల మీదికి ఎక్కి, రెండు ఎన్‌ఏడీహెచ్‌లు తయారవుతాయి.

ఎన్‌ఏడీ అంటే ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే బండి. ఒక్కో బండికి రెండు ఎలక్ట్రాన్లు. కణంలో ఈ బండ్లు చాలా తక్కువ. నిండిన బండి ఎక్కడో ఒకచోట ఖాళీ అయి తిరిగి రాకపోతే ఆరో మెట్టు ఆగిపోతుంది, దానితో గ్లైకాలిసిస్ మొత్తం ఆగిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆక్సిజన్ లేనప్పుడు కణం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

గ్లైకాలిసిస్ రక్తపరీక్షల గదిలోనూ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. చక్కెర పరీక్ష కోసం తీసిన రక్తం గాజుగొట్టంలో ఉన్నా దానిలోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తగ్గిపోతుంది. అందుకే ఆ గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. అది తొమ్మిదో మెట్టులోని ఎనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అయితే దానికి ముందున్న ఎంజైములు వెంటనే ఆగవు కాబట్టి మొదటి గంటా రెండు గంటలు గ్లూకోజు కొంత తగ్గుతూనే ఉంటుంది. ఫ్లోరైడ్ ఉంది కదా అని నమూనాను అలా వదిలేయకుండా, వెంటనే ఐసులో పెట్టడమో ప్లాస్మాను త్వరగా వేరుచేయడమో చేయాలని చెప్పేది ఇందుకే.

గడప దగ్గర

పైరువేట్ కణంలో ఏటీపీ ఎక్కువగా తయారయ్యే చోటైన మైటోకాండ్రియా లోపలి గదిలోకి, అంటే మాత్రికలోకి, చేరాక పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే భారీ ఎంజైము సముదాయం దాన్ని అందుకుంటుంది. ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా తీసేసి, రెండు ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీకి అప్పగించి, మిగిలిన రెండు కార్బన్ల ఎసిటైల్ ముక్కను కోఎంజైమ్-ఏకి తగిలిస్తుంది. ఇది వెనక్కి తిరగని మెట్టు. మామూలు కొవ్వు ఆమ్లాల నుంచి మన శరీరం నికరంగా గ్లూకోజు తయారుచేయలేకపోవడానికి కారణం ఇదే. కొవ్వు ఆమ్లాలు విరిగితే వచ్చేది ఎసిటైల్ కోఎంజైమ్-ఏ. అక్కణ్ణుంచి పైరువేట్‌కు దారి లేదు.

ఈ సముదాయానికి ఐదు సహాయకాలు కావాలి. వాటిలో నాలుగు బి విటమిన్ల నుంచి వచ్చేవే: థయమిన్, రైబోఫ్లావిన్, నియాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం. ఐదోది లైపోయిక్ ఆమ్లం. థయమిన్, అంటే బి1, లోపిస్తే గడప దగ్గరే దారి మూసుకుపోతుంది. పైరువేట్ పోగుపడి లాక్టేట్‌గా మారుతుంది. గ్లూకోజు మీదే ఎక్కువగా ఆధారపడే నాడీకణాలు, క్షణం విశ్రాంతి లేని గుండె ముందుగా దెబ్బతింటాయి. బెరిబెరి లక్షణాలు నరాల్లో, గుండెలో కనబడేది అందుకే. థయమిన్ బాగా తగ్గిపోయిన రోగికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు పరిస్థితి విషమించే ప్రమాదం ఉంది. ఉన్న కాస్త థయమిన్ మీద కొత్త భారం పడుతుంది కదా. ఆర్సెనిక్ విషం లైపోయిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఇదే గడపను మూసేస్తుంది.

క్రెబ్స్ వలయం గురించి పొడవాటి పేర్ల జాబితా కన్నా, అది ఎందుకు ఉందన్నది ముఖ్యం. రెండు కార్బన్ల ఎసిటైల్ ముక్కను నేరుగా విరగ్గొట్టడం రసాయనపరంగా కష్టం. నాలుగు కార్బన్ల ఆక్సలోఎసిటేట్‌తో కలిపి ఆరు కార్బన్ల సిట్రేట్‌గా మారిస్తే విరగ్గొట్టడానికి వీలైన చోట్లు దొరుకుతాయి. ఎనిమిది మెట్లలో రెండు కార్బన్ డయాక్సైడ్‌లు పోయి, ఆక్సలోఎసిటేట్ మళ్లీ మొదటికొస్తుంది. ఒక్క చుట్టుకు మూడు ఎన్‌ఏడీహెచ్, ఒక ఎఫ్‌ఏడీహెచ్2, ఒక జీటీపీ (ఏటీపీకి సాటి అణువు) లేదా ఏటీపీ. ఎఫ్‌ఏడీహెచ్2 కూడా ఎన్‌ఏడీహెచ్ లాగే రెండు ఎలక్ట్రాన్లు నిండిన బండి. గ్లూకోజుకు రెండు చుట్లు. మొదటి చుట్టులో బయటికి పోయే కార్బన్లు అప్పుడే వచ్చి చేరిన ఎసిటైల్‌వి కావన్నది చాలా వివరణల్లో తప్పిపోయే సంగతి. అవి పాత ఆక్సలోఎసిటేట్‌వి. కొత్తవి తర్వాతి చుట్లలో పోతాయి. హాన్స్ క్రెబ్స్ 1937లో, పావురం రొమ్ము కండరం ముద్దతో చేసిన కొలతల ఆధారంగా ఈ వలయాన్ని కూర్చాడు. నిరంతరం రెక్కలాడించే ఆ కండరంలో శ్వాసక్రియ వేగం చాలా ఎక్కువ కాబట్టి కొలతకు తేలిగ్గా దొరికింది. 1953లో ఆయనకు, కోఎంజైమ్-ఏను కనుక్కున్న ఫ్రిట్జ్ లిప్‌మన్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ వలయంలో ఎక్కడా ఆక్సిజన్ పాల్గొనదు. అయినా ఆక్సిజన్ లేకపోతే ఆగిపోతుంది, ఎందుకంటే బండ్లు ఖాళీ కావు. ఇక్కడికి వచ్చేసరికి గ్లూకోజు పూర్తిగా అయిపోయింది, ఆరు కార్బన్లూ వెళ్లిపోయాయి. చేతికి అందిన ఏటీపీ నాలుగంటే నాలుగే. శక్తిలో అత్యధిక భాగం ఇంకా 10 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2 మీద కూర్చున్న 24 ఎలక్ట్రాన్ల దగ్గరే ఉంది.

లోపలి త్వచం: అసలు కథ ఇక్కడ

మైటోకాండ్రియాకు రెండు త్వచాలు. లోపలిది మడతలు మడతలుగా ఉంటుంది. ఆ మడతల మీద నాలుగు పెద్ద ప్రోటీన్ సముదాయాలు ఎలక్ట్రాన్లను ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. ఎన్‌ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను మొదటి సముదాయానికి ఇస్తుంది. సక్సినేట్ నుంచి వచ్చేవి ఎఫ్‌ఏడీ ద్వారా రెండో సముదాయంలో దిగుతాయి. రెండు దారులూ యుబిక్వినోన్ దగ్గర కలుస్తాయి. అది త్వచంలోని కొవ్వుపొరలో ఈదుతూ ఎలక్ట్రాన్లను మూడో సముదాయానికి చేరుస్తుంది. అక్కణ్ణుంచి సైటోక్రోమ్ సి అనే చిన్న ప్రోటీన్ ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున నాలుగో సముదాయానికి మోస్తుంది. చివర ఆక్సిజన్.

ఎన్‌ఏడీహెచ్ దగ్గర ఎలక్ట్రాన్ పొటెన్షియల్ మైనస్ 0.32 వోల్టులు, ఆక్సిజన్ దగ్గర ప్లస్ 0.82 వోల్టులు. తేడా 1.14 వోల్టులు. రెండు ఎలక్ట్రాన్లు ఈ వాలు దిగితే మోల్‌కు సుమారు 220 కిలోజౌళ్లు వెలువడతాయి. ఆ శక్తితో మొదటి సముదాయం 4, మూడోది 4, నాలుగోది 2 చొప్పున ప్రోటాన్లను మాత్రిక నుంచి రెండు త్వచాల మధ్య సందులోకి నెడతాయి. అంటే ఒక్కో ఎన్‌ఏడీహెచ్‌కు 10 ప్రోటాన్లు. రెండో సముదాయం ప్రోటాన్లను నెట్టదు. అందుకే ఎఫ్‌ఏడీహెచ్2 లెక్క 6 దగ్గరే ఆగిపోతుంది.

నాలుగో సముదాయం చేసే పనిలో ఒక జాగ్రత్త ఉంది. ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు అందితేనే క్షేమంగా నీరవుతుంది. ఒకటో రెండో అంది మధ్యలో జారిపోతే సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి విధ్వంసక రూపాలు తయారవుతాయి. నాలుగో సముదాయం తన ఇనుము, రాగి పరమాణువుల మధ్య ఆక్సిజన్‌ను బిగించి పట్టుకుని, నాలుగూ అందేదాకా వదలదు. ఎలక్ట్రాన్లు దారితప్పి ఆక్సిజన్‌కు అంటుకునేది ఎక్కువగా మొదటి, మూడో సముదాయాల దగ్గర. వాటిని అదుపు చేయడానికి కణంలో వేరే ఎంజైములు ఉన్నాయి.

నెట్టిన ప్రోటాన్లు తిరిగి లోపలికి రావాలని ఒత్తిడి చేస్తుంటాయి. త్వచానికి రెండువైపులా విద్యుత్ పొటెన్షియల్ తేడా 150 నుంచి 180 మిల్లీవోల్టులు. వినడానికి చిన్న అంకె. కానీ త్వచం మందం సుమారు 5 నానోమీటర్లే. మీటరు లెక్కన చూస్తే అది 3 కోట్ల వోల్టుల పైమాట. ప్రోటాన్లు తిరిగి రావడానికి ఉన్న ప్రధాన ద్వారం ఏటీపీ సింథేజ్. ప్రోటాన్లు దాని గుండా దిగుతుంటే అందులోని చక్రం, దానికి అతికిన ఇరుసు తిరుగుతాయి. సెకనుకు వంద చుట్లు దాటగల వేగం. ఇరుసు చుట్టూ ఉన్న మూడు గదులు ఆ తిప్పుడుకు వంతులవారీగా ఆకారం మారుస్తాయి: ఒకటి ఏడీపీని, ఫాస్ఫేట్‌ను అందుకుంటుంది, ఒకటి రెంటినీ బిగించి ఏటీపీగా చేస్తుంది, ఒకటి తయారైన ఏటీపీని వదిలేస్తుంది. పూర్తి చుట్టుకు మూడు ఏటీపీలు. ఇక్కడ పాల్ బోయర్ చూపిన సంగతి అద్భుతమైనది: శక్తి ముఖ్యంగా ఖర్చయ్యేది ఏటీపీని తయారుచేయడానికి కాదు, తయారైన ఏటీపీని గది నుంచి ఊడబెరకడానికి.

ఆహారంలోని శక్తి ప్రోటాన్ల తేడాగా మారి, ఆ తేడా ఏటీపీగా మారుతుందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఎలక్ట్రాన్ల దారికీ ఏటీపీకీ మధ్య ఏదో రసాయన పదార్థం వంతెనలా ఉండాలని వెతుకుతూ ఏళ్లు గడిపారు. అది ఎప్పటికీ దొరకలేదు, ఎందుకంటే అది లేదు. 1974లో ఎఫ్రెయిమ్ రాకర్, వాల్టర్ స్టోకీనియస్ చేసిన ప్రయోగం విషయాన్ని బలంగా తేల్చింది. కొవ్వుతో చేసిన కృత్రిమ సంచుల్లో, వెలుగు పడితే ప్రోటాన్లను నెట్టే ఒక బ్యాక్టీరియా ప్రోటీన్‌ను, ఆవు గుండె నుంచి తీసిన ఏటీపీ సింథేజ్‌ను కలిపి పెట్టారు. వెలుగు వేస్తే ఏటీపీ తయారైంది. ఎలక్ట్రాన్ దారి అందులో లేనే లేదు. రెండు యంత్రాల మధ్య ఉన్నది ప్రోటాన్ల తేడా ఒక్కటే. మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. బోయర్‌కు, ఆ ఎంజైము నిర్మాణాన్ని తేల్చిన జాన్ వాకర్‌కు 1997లో వచ్చింది.

38 ఏటీపీలు ఏమయ్యాయి

పాత పుస్తకాల్లో గ్లూకోజుకు 38 లేదా 36 ఏటీపీలు అని ఉంటుంది. ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 అని పూర్ణసంఖ్యలు వేసుకోవడం వల్ల వచ్చిన అంకె అది. ప్రోటాన్ల దారి తెలిశాక పూర్ణసంఖ్య రావాల్సిన అవసరమే లేదని తేలింది. క్షీరదాల ఏటీపీ సింథేజ్ ఒక చుట్టు తిరగడానికి 8 ప్రోటాన్లు కావాలి, అంటే ఏటీపీకి 2.7. ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చి, ఏటీపీని బయటికి పంపడానికి ఇంకో ప్రోటాన్ ఖర్చు. మొత్తం దాదాపు 4. అందుకే 10 ప్రోటాన్ల ఎన్‌ఏడీహెచ్‌కు 2.5, 6 ప్రోటాన్ల ఎఫ్‌ఏడీహెచ్2కు 1.5 ఏటీపీ అని వేసుకుంటారు.

ఇప్పుడు కూడండి. గ్లైకాలిసిస్‌లో నేరుగా 2, క్రెబ్స్ వలయంలో నేరుగా 2. గడప దగ్గరి 2 ఎన్‌ఏడీహెచ్‌లకు 5, వలయంలోని 6 ఎన్‌ఏడీహెచ్‌లకు 15, 2 ఎఫ్‌ఏడీహెచ్2లకు 3. ఇంతవరకు 27. మిగిలినవి గ్లైకాలిసిస్‌లో పుట్టిన 2 ఎన్‌ఏడీహెచ్‌లు. అవి కణద్రవ్యంలో ఉన్నాయి, లోపలి త్వచం దాటలేవు. వాటి ఎలక్ట్రాన్లను వేరే అణువుల మీద ఎక్కించి పంపాలి. గుండెలో, కాలేయంలో ఉన్న మాలేట్-ఆస్పార్టేట్ దారిలో పోతే 5 ఏటీపీలు వస్తాయి. అస్థికండరంలో ఎక్కువగా వాడే గ్లిసరాల్ ఫాస్ఫేట్ దారిలో అవి నేరుగా యుబిక్వినోన్ దగ్గర దిగుతాయి కాబట్టి 3 మాత్రమే. మొత్తం 32 లేదా 30. లోపలి త్వచం గుండా కొన్ని ప్రోటాన్లు ఊరికే కారిపోతుంటాయి కాబట్టి బతికున్న కణంలో ఇంకొంచెం తక్కువే.

కొవ్వు లెక్క ఇంతకన్నా ఆసక్తికరం. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం పూర్తిగా ఆక్సీకరణం చెందితే 106 ఏటీపీలు వస్తాయి. బరువు లెక్కన చూస్తే కొవ్వుదే పైచేయి. కానీ దానికి 23 ఆక్సిజన్ అణువులు కావాలి. ఆక్సిజన్ అణువుకు ఎన్ని ఏటీపీలని చూస్తే గ్లూకోజుకు 5 నుంచి 5.3, పామిటిక్ ఆమ్లానికి 4.6. ఆక్సిజన్ గిరాకీగా ఉన్నప్పుడు, అంటే శ్రమ తీవ్రమైనప్పుడు, శరీరం గ్లూకోజు వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

ఆక్సిజన్ చాలనప్పుడు

ఆక్సిజన్ అందకపోతే ఎలక్ట్రాన్లు దిగే చోటు ఉండదు, బండ్లు నిండిపోయి నిలిచిపోతాయి. గ్లైకాలిసిస్ ఇచ్చే రెండు ఏటీపీలనైనా దక్కించుకోవాలంటే ఎన్‌ఏడీని ఎలాగైనా ఖాళీ చేయాలి. కండరకణం ఆ ఎలక్ట్రాన్లను పైరువేట్ మీదే దించి లాక్టేట్‌గా మారుస్తుంది. ఈస్ట్ పైరువేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసి, మిగిలిన ఎసిటాల్డిహైడ్ మీద దించి ఆల్కహాల్‌గా మారుస్తుంది. కిణ్వనం ప్రయోజనం లాక్టేట్ కాదు, ఆల్కహాలూ కాదు. ఖాళీ అయిన ఎన్‌ఏడీ. ఆ మెట్టులో ఒక్క ఏటీపీ కూడా పుట్టదు.

లాక్టేట్‌ను వ్యర్థం అనుకోవడం పాత అలవాటు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. కాలేయం రెండు లాక్టేట్లను కలిపి మళ్లీ గ్లూకోజు చేస్తుంది, అందుకు 6 ఏటీపీ విలువైన శక్తి పెడుతుంది. వ్యాయామం మర్నాడు, ఆ పైరోజు ఒళ్లు నొప్పులకు లాక్టేట్ కారణమనే మాటకు ఆధారం లేదు. శ్రమ ఆగిన గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పులు కండరపోగులకు తగిలిన సూక్ష్మమైన దెబ్బలవల్ల, వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చేవి.

ఎర్ర రక్తకణం సంగతి వేరు. అది ఆక్సిజన్ నిండా మోస్తూ కూడా దాన్ని వాడుకోదు. దానికి మైటోకాండ్రియా లేవు. దాదాపు 120 రోజుల జీవితమంతా గ్లైకాలిసిస్ మీదే గడుపుతుంది. అందుకే గ్లైకాలిసిస్ చివరి ఎంజైమైన పైరువేట్ కైనేజ్ పుట్టుకతో లోపిస్తే ముందుగా బయటపడేది రక్తహీనతే. ఏటీపీ చాలని ఎర్ర కణాలు ముందే చితికిపోతాయి.

దారి ఎక్కడ తెగితే ఏం కనబడుతుంది

సయనైడ్ నాలుగో సముదాయంలో ఆక్సిజన్ కూర్చోవలసిన ఇనుము మీద కూర్చుంటుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది గానీ కణాలు తీసుకోలేవు. సిరల రక్తం కూడా ధమనుల రక్తంలా ఎర్రగా కనబడటం, లాక్టేట్ ఒక్కసారిగా పెరగడం ఇందువల్లే. విరుగుడుగా ఇచ్చే హైడ్రాక్సోకోబాలమిన్ సయనైడ్‌ను పట్టుకుని విటమిన్ బి12 రూపమైన సయనోకోబాలమిన్‌గా మారి, మూత్రంలో పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ దెబ్బ ఇంకా ముందే తగులుతుంది. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

తెగడం కాక, కారిపోవడం ఇంకో రకం ప్రమాదం. డైనైట్రోఫీనాల్ అనే రసాయనం ప్రోటాన్లను ఏటీపీ సింథేజ్‌తో పని లేకుండా త్వచం దాటిస్తుంది. ఎలక్ట్రాన్లు పరుగెడతాయి, ఆక్సిజన్ ఖర్చవుతుంది, కొవ్వు కరుగుతుంది, కానీ శక్తి అంతా వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గించే మందుగా వాడారు. కంటిపొరలు వచ్చాయి, ఒళ్లు కాలిపోయే జ్వరంతో మనుషులు చనిపోయారు. 1938లో అక్కడి ప్రభుత్వం అది మనుషుల వాడకానికి తగదని తేల్చింది. దీనికి విరుగుడు లేదు. ఇప్పటికీ ఎక్కడైనా బరువు తగ్గించే పొడిగా ఇది కనబడితే ముట్టుకోవద్దు. చిత్రమేమిటంటే, ఇదే కారుడును ప్రకృతి అదుపులో పెట్టి వాడుకుంటుంది. పసిపిల్లల గోధుమరంగు కొవ్వులో యూసీపీ1 అనే ప్రోటీన్ ప్రోటాన్లను కావాలనే కారనిచ్చి, వణుకు పుట్టకుండానే ఒంటిని వెచ్చగా ఉంచుతుంది.

పుట్టుకతో వచ్చే లోపాలూ ఉన్నాయి. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది: 37 జన్యువులు, వాటిలో 13 శ్వాసక్రియ ప్రోటీన్లవి. ఇది దాదాపు పూర్తిగా తల్లి నుంచే వస్తుంది. లోపమున్న మైటోకాండ్రియా ఏ కణజాలంలో ఎంత శాతం చేరిందన్న దాన్నిబట్టి జబ్బు తీవ్రత మారుతుంది. అందుకే ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి కొద్దిగా, ఇంకొకరికి తీవ్రంగా రావచ్చు. ఏటీపీ ఎక్కువ కావలసిన మెదడు, కన్ను, గుండె, కండరాల్లో లక్షణాలు ముందు కనబడతాయి.

గింజలతో చూడాలంటే

శ్వాసక్రియను కంటితో చూపించడానికి మొలకెత్తే గింజలు చాలు. రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకుని, ఒకదానిలో ఒక రోజు నానబెట్టి మొలకలు వస్తున్న గింజలు, రెండోదానిలో ఉడికించి చల్లార్చిన గింజలు నింపాలి. రెంటిలోనూ థర్మామీటరు బుడ్డి గింజల మధ్యలోకి దిగాలి. మూతికి రబ్బరు బిరడా కాక దూది పెట్టాలి. గాలి ఆడకపోతే ఆక్సిజన్ అయిపోయి గింజలు కిణ్వనంలోకి జారతాయి, వేడి తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో మొలకల ఫ్లాస్కులో ఉష్ణోగ్రత పెరగడం తెలుస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు, ఉడికించిన గింజలను అలాగే వదిలేయడం. రెండో రోజుకు వాటిమీద బూజు, బ్యాక్టీరియా చేరి అవే శ్వాసక్రియ జరుపుతాయి, ఆ ఫ్లాస్కు కూడా వేడెక్కుతుంది. రెండు రకాల గింజలనూ ముందే క్రిమినాశక ద్రావణంలో కడగాలి.

కార్బన్ డయాక్సైడ్‌ను సున్నపుతేటతో పట్టుకునేటప్పుడు ఎక్కువసేపు గాలి పంపితే తెల్లబడ్డ తేట మళ్లీ తేరుకుంటుంది. కాల్షియం కార్బొనేట్ కరిగిపోయే బైకార్బొనేట్‌గా మారడమే కారణం. వాయువు రాలేదని పొరబడకండి. ఆకులున్న మొక్కతో చేస్తే నల్లగుడ్డ కప్పాలి.

ఆక్సిజన్ ఖర్చును కొలవాలంటే గింజలున్న గాజుపాత్రకు సన్నని గొట్టం బిగించి, దాని కొసను రంగునీటిలో ముంచుతారు. పిండిపదార్థం ఎక్కువున్న గింజలు పెడితే నీటిమట్టం దాదాపు కదలదు. ఖర్చయిన ఆక్సిజన్ ఘనపరిమాణమంత కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది, నిష్పత్తి 1. పాత్రలో చిన్న గొట్టంలో పొటాషియం హైడ్రాక్సైడ్ వేలాడదీస్తే అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది, అప్పుడు రంగునీరు పైకెక్కుతుంది. నూనె గింజలు పెట్టి చూస్తే హైడ్రాక్సైడ్ లేకపోయినా నీరు కొంత ఎక్కుతుంది. కొవ్వులో హైడ్రోజన్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. కార్బన్‌కు ఇన్నని చూస్తే దించాల్సిన ఎలక్ట్రాన్లు ఎక్కువ, వాటిని అందుకునే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పామిటిక్ ఆమ్లానికి 23 ఆక్సిజన్ అణువులు పోతే 16 కార్బన్ డయాక్సైడ్‌లే వస్తాయి, నిష్పత్తి 0.7. నీరుగా మారిపోయిన ఆక్సిజన్‌కూ, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య ఉన్న తేడాయే గొట్టంలో పైకెక్కిన ఆ కాస్త నీటిమట్టం.